గోడకి ఇవతల

జూన్ 4

అన్నయ్యకు,

ముందుగా నా రాతకి ఏమీ అనుకోకు. అయిదో తరగతిలో ఆగిపోయిన చెయ్యి ఇది. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్కోచోట రెండేసి పెట్టి, మళ్లీ చెరిపాను. అక్షరాలు బారు తప్పిన చీమల్లా ఉన్నాయి. ఓపిగ్గా చదువు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. ఇల్లంటే పై అంతస్తులో ఒకటే గది, వంటకి చిన్న వసారా. కిటికీ తెరిస్తే ఆయన పనిచేసే లాబు వెనక గోడ కనిపిస్తుంది. బూడిదరంగు పొడుగాటి గోడ. ‘అబ్బాయి పరిశోధన చేస్తున్నాడు’ అని పెళ్లికి ముందు చెప్పావు కదా, అదేమిటో నాకింకా సరిగ్గా తెలియదు. గాజు గొట్టాల్లో ఊదారంగు పొడి ఏదో తయారుచేసి, పెద్ద అయస్కాంతంలో పెట్టి చూస్తారట. పొద్దున వెళ్తారు, మధ్యాహ్నం ఇంటికొచ్చి నాతో కలిసి భోంచేసి మళ్లీ వెళ్తారు. మంచివారు. తక్కువ మాట్లాడతారు. నేనూ అంతే కదా. ఇద్దరం కలిసి తక్కువ మాట్లాడుకుంటాం.

ఒక చిన్న మాట. చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను. పెళ్లికి నువ్విచ్చిన వాచీ ముందుకి పరిగెడుతోంది. పొద్దున పక్కింటి రేడియోతో కలిపి పెట్టుకుంటే, సాయంత్రానికి నేను ఊరందరికన్నా ముందుంటున్నాను. నిన్న దాన్ని నమ్మి ఆయనకి వడ్డించి కూర్చున్నాను. ఆయన వచ్చేసరికి అన్నం చల్లారి గట్టిపడింది.

నువ్వు బాధపడితే నేనేమీ అననట్టే. వదినకి చెప్పకు. చదివాక ఈ ఉత్తరం కాల్చెయ్యి.

నీ
చిన్నముల్లు


జూన్ 13

చిన్నముల్లుకి,

ఎవరి వాచీ పరిగెడుతోంది? నేను చేసిన వాచీయా? మూడు పాత వాచీల ప్రాణం తీసి దానికి పోశాను. ఒక్కో చక్రం ఏరి, కడిగి, భూతద్దం కన్నుకి పెట్టుకుని కూర్చాను. ఈ వాచీల కొట్టు తెరిచాక నా చేతి పని తిరిగిరావడం ఇదే మొదలు, అదీ నా చెల్లెలి దగ్గర నుంచి. ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మీసాలు కాలాయట.

సరే విను. రోజుకి ఒక్కసారే, పొద్దునే కీ ఇవ్వు. చేతికి ఉండగా ఇవ్వకు. తడిచేత్తో ముట్టుకోకు. ఇవన్నీ పాటించినా పరిగెడితే, మనకి తెలిసిన దారాల ఏజెంటు మీ ఊరు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపు. చిన్నప్పుడు నా వెనకే మెల్లగా నడిచేదానివని నీకు చిన్నముల్లని పేరు పెట్టాను. ఇప్పుడు నన్నే దాటి పోతున్నావన్నమాట.

బావ మధ్యాహ్నం ఇంటికొచ్చి నీతో కలిసి తింటాడని చదివి నీ వదిన నావైపు ఒక చూపు చూసింది. కొట్టు ఇంటి కిందే అయినా భోజనానికి పిలిచినప్పుడు నేను మెట్లెక్కనని ఆవిడ బాధ. ‘చదువుకున్నాయన, అంత పని పెట్టుకుని వస్తున్నాడు, మీకేం రాచకార్యాలు?’ అంది. నీ మొగుడు మంచివాడు కావడం నా ప్రాణానికొచ్చింది.

ఉత్తరం కాల్చమన్నావు. ఆవిడ నా భుజం మీంచి ముందే చదివేసింది. కాగితాన్ని కాల్చగలను గానీ, ఆవిడ నోటికి తాళం వెయ్యగలనా?

పెద్దముల్లు


జూలై 19

అన్నయ్యకు,

ఈసారి పెన్సిలుతో గీతలు కొట్టుకుని రాస్తున్నాను. వంకర తగ్గిందేమో గానీ తప్పులు తగ్గి ఉండవు. మన్నించు.

వాచీ అందింది. నువ్వు పెట్టిన చీటీ కూడా చదివాను. లోపలి స్ప్రింగుకి అయస్కాంతం పట్టి, చుట్లు అంటుకుని పరిగెడుతోందని, వదిలించానని, రేడియో మీద పెట్టొద్దని రాశావు. మాకు రేడియోనే లేదు. వాచీ వచ్చేసరికి నేను జ్వరంతో పడి ఉన్నాను. మంచం దిగని ఆ నాలుగు రోజులూ బుద్ధిగా నడిచింది. నేను లేచి తిరగడం మొదలుపెట్టానో లేదో, అది మళ్లీ పరుగందుకుంది. నా ఒంటికే ఏదో ఉందేమోనని భయంగా ఉంది.

ఇంకో విచిత్రం చెబుతాను. నా జ్వరం రోజుల్లోనే ఆయన ఎన్నడూ లేనంత ఉత్సాహంగా ఇంటికొచ్చారు. పని బాగా సాగిందట. నాకు బాగాలేనప్పుడే ఈయనకి బాగుండాలా అని గోడవైపు తిరిగి ఏడ్చాను. కానీ ఆ సంతోషంలోనే ఒక సాయంత్రం మంచం పక్కన కూర్చుని, నేను అడక్కుండానే తన పని గురించి చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను.

అణువుల్లో ఎలక్ట్రాన్లు ఉంటాయట. బొంగరాల్లా తిరుగుతున్నాయి అనుకోమన్నారు. మామూలుగా జతలుగా ఉంటాయి. ఒకటి ఇటు తిరిగితే రెండోది అటు, దానికీ దీనికీ చెల్లు, కాబట్టి అయస్కాంతం వాటిని పట్టించుకోదు. ఈయన చేసిన ఊదారంగు పొడిలో మాత్రం అణువుకి ఒకటి జత లేకుండా మిగులుతుంది. దాని తిరుగుడు అయస్కాంతానికి తెలుస్తుంది. మిషను దాన్ని కాగితం మీద సన్నటి గీతగా గీస్తుంది. అయితే జత లేనిది కుదురుగా ఉండదు కదా. గాలి తగిలితే చాలు, దాంతో కలిసిపోయి అణువు చెడిపోతుంది. అందుకే గొట్టంలో గాలి తీసేసి, గాజు కరిగించి మూతి మూసేస్తారు. అలాంటి అణువుని చెడకుండా చాలాకాలం నిలబెట్టగలనని ఈయన పట్టుదల. నిలవదని లాబు పెద్దసారు వాదన.

పెద్దసారు మాటే నెగ్గేలా ఉంది. పొద్దున సన్నగా వచ్చిన గీత మధ్యాహ్నానికి లావెక్కి పక్కకి ఒరిగిపోతుందట. అణువు చెడిందనుకుని ఆ గొట్టం తీసి పారేస్తారు. సాయంత్రం కొత్త గొట్టం పెడితే మళ్లీ సన్నగా వస్తుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే వరస. చెడితే రంగు పోవాలి, రంగు మాత్రం పోవడం లేదని తల పట్టుకుని కూర్చుంటారు. ఎండ వెలుతురు వల్లేమోనని కిటికీకి నల్లగుడ్డ కట్టారు. ఆ గుడ్డ కుట్టింది నేనే, రెండు పొరలు వేసి. లాభం లేకపోయింది. గీత ఏ క్షణాన ఒరుగుతుందోనని మిషను దగ్గర నుంచి కదలరు.

ఏడాది చివరికి నిలబెట్టి చూపించకపోతే ఈ పని ఆపించి, ఈయన్ని పంపేస్తారట. అప్పుడు ఈ గది కూడా వదిలెయ్యాలి. ఇంటికొచ్చాక మాట ఉండదు, పలుకు ఉండదు. కంచంలో వేలితో గీతలు గీస్తూ ఉంటారు.

ఇది నీకొక్కడికే. కాల్చెయ్యి.

చిన్నముల్లు


జూలై 28

చిన్నముల్లుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎలక్ట్రాన్ల సంగతి నాకెందుకు గానీ, వాచీ సంగతి నాకు తెలుసు. మొదటిసారి రేడియో అనుకున్నాను. మళ్లీ పట్టిందంటే అది రేడియో పని కాదు. అంత అయస్కాంతం ఇళ్లలో ఉండదు. మీ ఇంట్లో పెద్ద అయస్కాంతం పక్కన పనిచేసే మనిషి ఎవరు? నువ్వే రాశావు.

బావ నీ వాచీని లాబుకి పట్టుకుపోతున్నాడు. నువ్వు జ్వరంతో ఉన్నప్పుడు తలగడ కిందున్న వాచీని తీసుకెళ్లలేక వదిలేశాడు, అందుకే ఆ నాలుగు రోజులూ బాగా నడిచింది. ఇంత తేలిక లెక్క నీకు తట్టలేదా, తట్టినా నాకు చెప్పడం లేదా? పెళ్లాం చేతి వాచీ మీద ప్రయోగాలు చేసేవాడు రేపు ఇంకేం చేస్తాడో. వాచీ పెట్టుకున్న మనిషికన్నా దానికి పట్టే అయస్కాంతమే ఎక్కువైందా అతనికి?

ఇంకోటి. దారాల ఏజెంటు వాచీ తిరిగివ్వడానికి వచ్చినప్పుడు నువ్వు జ్వరంతో పడుకుని ఉన్నావు, సరే. కానీ అంతకుముందు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు మధ్యాహ్నం మీ తలుపుకి తాళం ఉందట. సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చుంటే అప్పుడొచ్చావట, ఒక్కదానివే, క్యారేజీ పట్టుకుని. మధ్యాహ్నం మొగుడూ పెళ్లాం కలిసి భోంచేసే ఇంటికి తాళమేమిటమ్మా?

నీ వదిన అడగమంటోంది. నేనూ అడుగుతున్నాను.

పెద్దముల్లు


ఆగస్టు 6

అన్నయ్యకు,

నా రాత ఈసారి మరీ అధ్వానం. కోపంగా ఉంటే ఇలాగే వస్తుందని ఇప్పుడే తెలిసింది.

ఆయన నా వాచీ ముట్టుకోలేదు. తీసుకెళ్తే నాకు తెలియదా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా అది నా చేతికే ఉంటుంది. మనిషిని చూడకుండా, మాట వినకుండా నేరం మోపేశావు. గడియారంలో లోపముంటే మూత తీసి చూస్తావు కదా, మనిషికి ఆ మాత్రం మర్యాద లేదా?

తాళం సంగతి అడిగావు, చెబుతాను. నేను మొదట రాసింది అబద్ధం. ఆయన మధ్యాహ్నం ఇంటికి రారు. ఒక్కరోజు కూడా రాలేదు. నేనే క్యారేజీ పట్టుకెళ్తాను. ‘ఎండలో రాకు, వచ్చినా వాచ్‌మన్‌కిచ్చి వెళ్లిపో’ అన్నారు. ఇస్తాను. వెళ్లిపోను. ముందువైపు మగవాళ్లు వస్తూ పోతూ ఉంటారు, అక్కడ నిలబడలేను. నా అవస్థ చూసి వాచ్‌మన్ తాతే వెనక నడవాలో పాత ఆఫీసు కుర్చీ ఒకటి వేశాడు. ‘ఇక్కడ కూర్చోమ్మా, ఇటు పిల్లి కూడా రాదు’ అన్నాడు. ఇనప కుర్చీ, ఈడిస్తే గానీ కదలదు. గోడకి జరుపుకుని కూర్చుంటాను, వెళ్లేటప్పుడు మళ్లీ నడవా చివరికి లాగేస్తాను. గోడ అవతల ఏదో మోటారు గుర్రుమంటూ ఉంటుంది, వీపుకి తెలుస్తుంది. ఆయన తిన్నాక ఖాళీ క్యారేజీ తీసుకుని వెళ్దామని కూర్చుంటాను. సాయంత్రానికి తాత తెచ్చి ఇస్తాడు. చాలాసార్లు మూత కూడా తీసి ఉండదు.

నేను అక్కడ ఉంటానని ఆయనకి తెలియదు. తెలిస్తే వద్దంటారు. వద్దంటే ఇక గదిలో గోడలు చూస్తూ కూర్చోవాలి. ఆ క్యారేజీ రోజూ తిరిగి ఇంటికి ఎలా చేరుతోందో ఆయన ఇంతవరకూ ఒక్కసారి అడగలేదు.

నువ్వు పెళ్లిలో అందరిముందూ ‘నా చెల్లెలికి ఏ లోటూ రాదు’ అన్నావు. అందుకే అబద్ధం రాశాను. వదిన నవ్వుకోకూడదని రాశాను. ఇప్పుడు ఇద్దరూ కలిసి నవ్వుకోండి. ఆ తరవాత కాల్చెయ్యండి.

చిన్నముల్లు


ఆగస్టు 13

చిన్నముల్లుకి,

మేమెవరమూ నవ్వలేదు. నీ వదిన ఆ పూట అన్నం తినలేదు. నేను కొట్టు తెరవలేదు.

ఇనప కుర్చీలో కాపలా కూర్చోవడానికా నిన్ను కన్నకూతురిలా పెంచింది? గోడకి అవతల మొగుడు, ఇవతల పెళ్లాం, మధ్యలో మూత తియ్యని క్యారేజీ. ఇది సంసారమా? ఇంత చెప్పినదానివి వాచీ విషయంలో మాత్రం అతన్ని వెనకేసుకొస్తున్నావు. ఎవరూ తీసుకెళ్లకుండా అయస్కాంతం గాల్లో ఎగిరొచ్చి నీ చేతికి పట్టుకుందా?

వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను. పెట్టె సర్దుకో. అతనితో నువ్వు మాట్లాడలేకపోతే నేను మాట్లాడతాను.

పెద్దముల్లు


ఆగస్టు 24

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన రోజే పెట్టె సర్దాను. చీరలు మడతపెడుతుంటే నాకు నా మీదే అసహ్యమేసింది. ఆ మనిషిని ఒక్క మాట కూడా అడక్కుండా వెళ్లిపోతే, నువ్వు చేసిన పనే నేనూ చేసినట్టు కదా.

ఆదివారం పొద్దున ఆయన గడ్డం గీసుకుంటున్నారు. నేను వాచీ చేతిలో పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో గానీ, అద్దంలో నన్ను చూసి ఆయనే ‘ఏమిటి?’ అన్నారు.

‘మీరు నా వాచీ ఎప్పుడైనా లాబుకి తీసుకెళ్లారా?’

‘నీ వాచీ నాకెందుకు? నాదే గేటు దగ్గర వదిలేసి లోపలికెళ్తాను. అయస్కాంతం పడితే పాడవుతుంది.’

‘దీనికి అయస్కాంతం పట్టింది. మా అన్నయ్య చెప్పాడు. రెండుసార్లు పట్టింది. మీరే తీసుకెళ్లారంటున్నాడు. వచ్చే నెల వచ్చి నన్ను తీసుకుపోతానంటున్నాడు.’

ఆయన బ్లేడు పక్కన పెట్టారు. తీసుకుపోవడం సంగతి వినపడ్డదో లేదో తెలియదు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ‘అంత దగ్గరికి ఇది ఎలా వెళ్లింది? దీన్ని పెట్టుకుని నువ్వు ఎక్కడికి వెళ్తావు?’

చెప్పాను. క్యారేజీ, వాచ్‌మన్ తాత, కుర్చీ, గోడ. తల వంచుకునే చెప్పాను. తల ఎత్తేసరికి ఆయన ఒక చెంప మీద సబ్బు నురగతో అలాగే నిలబడి ఉన్నారు. ‘కుర్చీ చెక్కదా, ఇనపదా?’ అని అడిగారు. అన్నయ్యా, భార్య అంత చెప్పుకుంటే ఆయన అడిగింది అది. నాకు ఒళ్లు మండింది.

ఆ నురగతోనే చొక్కా తగిలించుకుని మెట్లు దిగిపోయారు. నేను వెనకాలే పరిగెత్తాను. నన్ను వెనక నడవాలోకి తీసుకెళ్లి, ‘రోజూ ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో. నేను గోడ మీద ఒకసారి కొడితే కూర్చో. రెండుసార్లు కొడితే లేచి, కుర్చీని ఆ చివరికి లాగెయ్యి’ అన్నారు. లోపలికెళ్లి తలుపేసుకున్నారు.

ఒక దెబ్బ. కూర్చున్నాను. రెండు దెబ్బలు. ఆ దిక్కుమాలిన కుర్చీని నడవా చివరిదాకా ఈడ్చాను. మళ్లీ ఒక దెబ్బ. మళ్లీ ఈడ్చుకొచ్చాను. నా చీర కుచ్చిళ్లు ఊడిపోయాయి, చేతులకి తుప్పు అంటింది. ఎన్నిసార్లు తిప్పారో లెక్క లేదు. వాచ్‌మన్ తాత తొంగిచూసి ‘ఇదేం ఆటమ్మా పొద్దున్నే?’ అన్నాడు. ఆ తరవాత గోడ మీద ఎంతసేపటికీ దెబ్బ పడలేదు.

చుట్టూ తిరిగి ముందు తలుపు దగ్గరికెళ్లాను. సిగ్గూ గిగ్గూ గుర్తుకురాలేదు, తోసుకుని లోపలికెళ్లాను. ఆ గది చూడటం అదే మొదలు. నడుమెత్తు ఇనప యంత్రం, ఆ పెద్ద అయస్కాంతం, నేను ఆనుకునే గోడకి జానెడు దూరంలో ఉంది. పక్కనే నేను కుట్టిన నల్లగుడ్డ. ఆయన కింద కూర్చుని కాగితాల చుట్ట ఒళ్లో పెట్టుకుని చూస్తున్నారు. అందులో గీత సన్నగా, లావుగా, సన్నగా, లావుగా పడింది. నేను కూర్చుంటే లావు, లేస్తే సన్నం.

‘అణువు చెడటం లేదు. ఇన్నాళ్లూ ఒక్కటీ చెడలేదు’ అన్నారు. ‘గోడ అవతల అంత ఇనుము పెడితే అయస్కాంతం బలం చెదురుతుంది. గీత ఒరుగుతుంది. నేను బాగున్న గొట్టాలన్నీ పగలగొట్టి పారేశాను.’ కాగితాల చుట్ట పక్కన పెట్టి, ‘వాచ్‌మన్‌కి తెలుసు. ఊడ్చేవాడికి తెలుసు. నువ్వు అక్కడుంటావని నాకే తెలియదు’ అన్నారు.

అప్పుడు నేను అరిచాను అన్నయ్యా. నీ చెల్లెలు అరిచింది. ‘గోడకి ఇవతలే ఉన్నాను. ఒక్కసారి బయటికొచ్చి చూస్తే కనిపించేదాన్ని’ అన్నాను. ఆ గదిలో నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

‘గీత ఒరుగుతోందని బయటికి రాలేదు’ అన్నారాయన.

‘మీరు బయటికి రాలేదనే నేను కూర్చున్నాను’ అన్నాను.

ఆయన చెంప మీద నురగ ఎండిపోయి తెల్లగా పెచ్చు కట్టింది. నా కొంగు తడిపి తుడిచాను. ఊరుకున్నారు.

అంతా బాగైపోయిందని రాయను. నువ్వు నమ్మవు, నేనూ ఇంకోసారి అబద్ధం రాయను. పెద్దసారు వచ్చి కుర్చీని చూశారు, నన్ను చూశారు, కాగితాలు చూశారు. ‘అయితే ఇన్నాళ్లూ మనం కొలిచింది అణువుని కాదు, ఈ అమ్మాయి భోజనం వేళని’ అన్నారు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. మధ్యాహ్నం తీసిన లెక్కలన్నీ కొట్టేసి మొదటినుంచి మొదలుపెట్టమన్నారు. గడువు మాత్రం అదే. పొడి కూడా మళ్లీ చెయ్యాలి. ఇప్పుడు పెట్టిన గొట్టం ఇంకా చెడలేదు. చివరిదాకా నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఈ గదిలో ఉంటామో ఖాళీ చేస్తామో కూడా తెలియదు.

వెనక నడవాలో నేల మీద ఎర్ర రంగుతో గీత గీశారు, దాన్ని దాటి ఇనుము రాకూడదని. కుర్చీ తీసేసి చెక్కబల్ల వేయించారు. దానికి మేకులుంటే ఊడబీకించి, చెక్కమేకులు కొట్టించారు. ఆ బల్ల వేసింది నాకోసమా, గీత కోసమా అని నేను అడగలేదు. మొదటి రోజు మధ్యాహ్నం ఆయనే వచ్చి పక్కన కూర్చుని తిన్నారు. రెండో రోజు కూడా వచ్చారు. మూడో రోజు మరిచిపోయారు. నేను లేచి గోడ మీద కొట్టాను.

పెట్టెలోంచి చీరలు తీసి మళ్లీ గూట్లో పెట్టాను. వాచీ ఇంకా పరిగెడుతోంది, నువ్వే వదిలించాలి. ఇక మీదట దాన్ని గేటు దగ్గర తాతకిచ్చి వెనక నడవాలోకి వెళ్తాను. బావ మీద మోపిన నేరం నువ్వే వచ్చి దింపుకో. ఆయనకి కోపం లేదు, ‘మీ అన్నయ్య చెప్పింది నిజమే కదా, అయస్కాంతమే’ అన్నారు. కానీ నాకు ఉంది.

ఇంతకుముందు ఉత్తరాలు నువ్వు కాల్చలేదని నాకు తెలుసు. ఇది కాల్చమని నేనే అడగడం లేదు. వదినకి బిగ్గరగా చదివి వినిపించు. తప్పులు కనిపిస్తే అక్కడే దిద్దుకోండి.

ఆదివారం వద్దు, మర్నాడు మధ్యాహ్నం వేళకి రా. నీ వాచీ, జేబులో ఉండే పట్టకారులూ, స్క్రూడ్రైవర్లూ అన్నీ తాత దగ్గర పెట్టి వెనక నడవాలోకి రా. ఎర్ర గీత దాటినా ఇక నీ దగ్గర ఇనుము ఉండదు. బల్ల మీద ముగ్గురికి చోటుంది. ఆయన అక్కడ లేకపోతే కంగారుపడకు. నేను గోడ మీద కొడతాను. రాకపోతే మళ్లీ కొడతాను.

చిన్నముల్లు